పేరు పెట్టి పిలిచేదాకా

ఇంటికి రంగులు వేయించాలని సజ్జ మీది సామాను దింపిస్తుంటే మా అత్త చీరలో మూటగట్టిన కిరీటం బయటపడింది. పొనికి చెక్కతో చేసి, బంగారు రంగు కాగితం అతికించి, మధ్య మధ్య అద్దం ముక్కలు పొదిగిన రాక్షసరాజు కిరీటం. అద్దాలు సగం రాలిపోయాయి. కాగితం ముట్టుకుంటే పొడిపొడిగా చేతికి అంటుకుంటోంది. లోపలి పక్క, నుదుటికి ఆనే చోట కుట్టిన మెత్తటి గుడ్డలో మాత్రం కొబ్బరినూనె, అర్దళం కలిసిన పాత వాసన ఇంకా మిగిలి ఉంది. అర్దళం అంటే వేషగాళ్లు నూరి ముఖానికి పూసుకునే పసుపుపచ్చ రాయి. ఆ వాసన తగలగానే నేను నిచ్చెన పక్కనే కూర్చుండిపోయాను. కళ్లు తిరిగాయేమోనని రంగులు వేసే మేస్త్రీ కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

పెళ్లయిన నాటి నుంచి నేను డైరీ తప్పకుండా రాస్తున్నాను. ఆ సాయంత్రం ఆ కిరీటం కాలపు డైరీలు తీసి చూశాను. వాన పడిందా లేదా, పాలు విరిగాయా, కరెంటు ఎప్పుడు పోయింది, కంపెనీలో ఏ రకం విత్తనం బాగా మొలిచింది, ఇవే ఉన్నాయి. కిరీటం మాట లేదు. నక్క మాట అసలే లేదు. మా ఆయన పేరు కూడా ఎక్కడా లేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకరు. నేను చేత్తో కూడా రాయలేదు. అన్ని డైరీల్లోనూ ‘ఆయన’ అనే ఉంది. రోజూ రాసే మనిషి రాయకుండా వదిలినవే అసలైనవి కావచ్చునని ఈ వయసులో తోచింది. అందుకని గుర్తున్నదంతా ఒక వరుసలో రాయాలని గట్టిగా అనుకుని కూర్చున్నాను.

అప్పుడు మేము మేడ్చల్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నేను విత్తనాల కంపెనీలో మొలక పరీక్షలు చేసేదాన్ని. తడి కాగితాల మధ్య గింజలు వరుసగా పేర్చి, చుట్టలు చుట్టి, వెచ్చటి గదిలో నిలబెట్టి, కొన్నాళ్లకు విప్పి ఏవి మొలిచాయో ఏవి కుళ్లిపోయాయో చూడడం నా పని. ఎంత సబ్బు పెట్టి కడిగినా విత్తనాలకు పట్టించే మందు వాసన నా చేతులకు ఉండేది. మా అమ్మాయి శిరీష అప్పుడే బడికి పోతోంది. మా అత్త మల్లమ్మ చనిపోయాక మామను ఒంటరిగా ఉంచలేక శామీర్‌పేట నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. మామ పేరు ఎల్లయ్య. బతుకంతా శామీర్‌పేట చెరువులో చేపలు పట్టిన మనిషి. మేడ్చల్‌లో మా ఇంటి దగ్గర చెరువు లేకపోయినా ఆయన వల వెంట తెచ్చుకున్నాడు. పొద్దున్నే లేచి, వసారాలో మేకుకు వల తగిలించి, చిరుగు లేని చోట కూడా ముళ్లు విప్పి మళ్లీ వేసేవాడు. జొన్నరొట్టె సల్లలో ముంచుకుని తినేవాడు. తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తిన్నాక మాత్రం ఎవరు దొరికితే వాళ్లతో మాట్లాడేవాడు, ఎవరూ లేకపోతే వలతో మాట్లాడేవాడు.

మామకు ఇంకో బతుకు ఉండేది. భాగోతంలో రాక్షసరాజు వేషం ఆయనది. శామీర్‌పేట చుట్టుపక్కల ఎక్కడ ఆట కట్టినా ఆ వేషానికి ఆయన్నే పిలిచేవాళ్లు. ఆ బృందానికి ఒక ఆచారం ఉండేది, ఇంకే ఊళ్లోనూ నేను అలాంటిది వినలేదు. ముఖానికి అర్దళం పూసి కిరీటం పెట్టాక ఆ మనిషిని ఎవరూ పేరుతో పిలవకూడదు. నాయిన అనీ, అన్న అనీ వరుస పెట్టి కూడా పిలవకూడదు. ‘రాజా’ అనాలి. ఆట అయిపోయినా, తెల్లారి జనం చాపలు చుట్టుకుని పోయినా, రాజు తన పీట మీద కిరీటంతోనే కూర్చుని ఉండాలి. అప్పుడు ఇంటి మనిషి ఒకరు చెంబుతో గోరువెచ్చటి నీళ్లు, ఒక గుడ్డ తెచ్చి, ఎదురుగా నిలబడి, పేరు పెట్టి ‘ఇగ ఇంటికి రా’ అని పిలవాలి. ఆయన ‘వస్తున్న’ అనాలి. అప్పుడే కిరీటం తీయాలి, ముఖం కడగాలి. దాన్ని వేషం దిగడం అంటారు. పిలవకుండా కిరీటం తీస్తే లోపలి మనిషి వేషంలోనే ఉండిపోతాడని వాళ్ల నమ్మకం.

మా అత్త ఏడాది పొడవునా మామను ‘ఇగో, ఇనవడ్తాందా’ అనే పిలిచేది. అలాంటి మనిషి ఆట అయిన తెల్లారి ఊరంతా చూస్తుండగా, ‘ఎల్లయ్యా, ఇగ ఇంటికి రా’ అని గొంతెత్తి పిలిచేది. కొత్త కోడలిగా మొదటిసారి చూసినప్పుడు నాకు చెప్పలేనంత సిగ్గేసింది. మిగతా ఆడవాళ్లు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు. ఆమె పోయాక మామ కిరీటాన్ని ఆమె చీరలోనే మూటగట్టి తెచ్చి మా ఇంటి అటక మీద పెట్టాడు. ఎంతమంది అడిగినా మళ్లీ వేషం కట్టలేదు. “పిలిచేటోళ్లు లేరు,” అనేవాడు, అంతే. కొడుకు తండ్రి పేరు పలకడు. కోడలిని, నేను పలికే ప్రశ్నే లేదు. ఇంటి మనిషే కావాలి కాబట్టి బయటివాళ్లు పనికిరారు. మేమూ మరి అడగలేదు.

ఆ రోజుల్లోనే మా ఇంటికి కేబుల్ కనెక్షన్ వచ్చింది. మాది పాత కలర్ టీవీ. రంగులన్నీ ఆకుపచ్చ వైపుకు జారిపోయేవి. సాయంత్రం పూట ఇంగ్లీషులో ఒక బొమ్మల కార్యక్రమం వచ్చేది. అందులో ఒక నక్క, ఒక బాతు. నక్క ఎర్రదని బయట పోస్టర్లో చూశాం గానీ మా ఇంట్లో అది పాకుడు పట్టిన రాయిలా కనిపించేది. రోజూ బాతును పట్టాలని ఏదో పన్నాగం పన్నేది, రోజూ బోల్తా పడేది. బండరాయి కింద పడి రొట్టెలా అయ్యేది, మళ్లీ లేచి దులుపుకునేది. లోయ అంచు దాటి గాల్లో నాలుగడుగులు నడిచాక కింద నేల లేదని తెలిసేది. అప్పుడు పడిపోయే ముందు ఒక్క క్షణం ఆగి, తల తిప్పి, తెర లోంచి సూటిగా మన వైపు చూసేది. తరువాత పడేది. వాళ్ల మాటలు మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేవి కావు. ఆ చూపు మాత్రం అందరికీ అర్థమయ్యేది.

ఒక సాయంత్రం నేను బియ్యం ఏరుతున్నాను. శిరీష తాత ఒళ్లోంచి లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడింది.

“తాతా, గా నక్కకు తెలుసా?”

“ఏంది బిడ్డా?”

“గిదంత ఆట అని.”

మామ బీడీ చెవి మీద పెట్టుకుని ఆలోచించాడు. నేను మధ్యలో కల్పించుకుని, అవి మనుషులు గీసిన బొమ్మలనీ, ఒకదాని వెంట ఒకటి వేగంగా తిప్పితే కదిలినట్లు కనిపిస్తాయనీ, బొమ్మకు ఏమీ తెలియదనీ చెప్పాను. ఆఖరికి ఆమె నోటుబుక్కు మూలన వరుసగా చిన్న చిన్న బొమ్మలు గీసి, పేజీలు గిర్రున తిప్పి చూపించాను. శిరీష శ్రద్ధగా చూసింది. తరువాత అడిగింది.

“మరి బొమ్మైతే మన దిక్కు ఎందుకు చూస్తది?”

మామ తొడ చరిచి నవ్వాడు. “అడిగింది సూడు! మంది దిక్కు చూసిండంటే మంది ఉన్నరని తెలుసు. మంది ఉన్నరని తెలిస్తే ఆట అని తెలుసు. గంతే కదనే కోడలా?”

“తెలిస్తే రోజూ ఎందుకు పడుతడు?” అంది శిరీష. “నాకు తెలిస్తే నేను పడ.”

అప్పుడు మామ నవ్వడం ఆపాడు. “గదే నాకు సమజైతలేదు,” అన్నాడు. “వాన్ని ఎవ్వరు దించుతలేరు. ఆట అయిపోంగనే ప్రకటనలు ఏస్తాండ్రు. రోజూ వేషం మీద వేషం, దిగుడు లేనే లేదు. కొన్నొద్దులైతె ఎవ్వనికైన సోయి తప్పుతది.”

ఇది విన్న మరునాటి నుంచి మా ఇంట్లో కొత్త పని మొదలైంది. కార్యక్రమం అయిపోగానే శిరీష చెంబుతో నీళ్లు తెచ్చి టీవీ ముందు నిలబడి నక్కను దించడానికి ప్రయత్నించేది. దానికి అసలు పేరు కావాలి. టీవీలో పిలిచే పేరు వేషం పేరని తాతే చెప్పాడు. తనే ఒక పేరు పెడతానంది. “మనం పెడితే అదింకో వేషమైతది బిడ్డా. వాన్ని కన్నోళ్లు పెట్టిన పేరు గావాలె,” అని మామ తేల్చాడు. ఇద్దరూ ఒకే పీట మీద కూర్చుని ఇదంతా చాలా గంభీరంగా మాట్లాడుకునేవాళ్లు. కేబుల్ వాడు సీను మా వైరు సరిచేయడానికి వచ్చినప్పుడు శిరీష అతన్ని గుమ్మంలో అడ్డగించింది.

“అన్నా, నక్క అసలు పేరేంది?”

“నా దగ్గరికి వైరే వస్తది చెల్లే, నక్క రాదు.”

“మరి నీకు పంపేటోళ్లను అడుగు.”

“వాళ్లకు ఫోన్ చేస్తే బొమ్మ రాకపోతేనే ఎత్తుతలేరు. ఇగ నక్క పేరు అడుగుతె కనెక్షనే కోస్తరు!” అని అతను నవ్వుతూ స్తంభం ఎక్కాడు. శిరీష నవ్వలేదు. పై వారం అతను వచ్చినప్పుడు మళ్లీ అడిగింది. ఆ తరువాత అతను మా వీధిలోకి వచ్చే ముందు ఆమె బడికి పోయిందో లేదో చూసుకుని వచ్చేవాడు.

ఒకసారి నక్క గాల్లో ఉండగా కరెంటు పోయింది. మన వైపు చూసింది గానీ ఇంకా పడలేదు. శిరీష ఆ నల్లటి తెర ముందు నిలబడి ఎంతకీ కదలలేదు. అన్నానికి పిలిస్తే రాలేదు. మా ఆయన ఎత్తుకుని తీసుకురాబోతే కాళ్లు విదిలించింది. “వాడు మధ్యల్నే ఉన్నడు నాయినా,” అంది. ఆయన నా వైపు చూశాడు, నేను మామ వైపు చూశాను. మామ నెమ్మదిగా, “ఉండనియ్యరాదు. కరెంటు వస్తదిగా,” అన్నాడు. పిల్ల మొండిదని అందరూ అనుకున్నారు. అది మొండితనం కాదు. ఒక విషయం తేలకుండా పక్కన పెట్టడం ఆమెకు చేతకాదు. అది నా నుంచే వచ్చి ఉంటుంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. శామీర్‌పేట చెరువు నిండి అలుగు పారింది. అలుగు పారిన ఏడు ఊళ్లో భాగోతం ఆడాలన్నది అక్కడి కట్టుబాటు. అందుకని భాగోతం గురువు బుచ్చయ్య పాత స్కూటరు మీద, ఒళ్లంతా దుమ్ముతో, మా ఇంటికి వచ్చాడు. హార్మోనియం వాయిస్తూ ఆట నడిపించేది ఆయనే. వయసులో మామకంటే కొంచెం చిన్న.

“ఎల్లన్నా, మత్తడి దుంకుతాంది. వేషం కట్టాలె.”

“పిలిచేటోళ్లు లేరు బుచ్చన్నా.”

“పోరగాండ్లందరు ఫ్యాక్టరీలల్ల వడ్డరు. రాజు లేక ఆట ఎట్లయితది? గా కిరీటం తెచ్చి నా హార్మోనియం మీద పెట్టమంటవా?”

“పెట్టుకో. నీకంటె అది మంచిగ పాడుతది.”

“నువ్వు మస్తు మాట్లాడుతవ్‌గని, ఊరికి ఏం జవాబు జెప్పాలె?”

మామ వల ముళ్లు విప్పుకుంటూ కూర్చున్నాడు. బుచ్చయ్యకు చాయ్ ఇచ్చాను. ఆయన సాసర్లో పోసుకుని ఊదుకుంటూ నా వైపు చూశాడు, నేను తల దించుకున్నాను. అప్పుడు శిరీష గడప మీద నుంచి, “నేను పిలుస్త,” అంది.

అందరం ఆమె వైపు తిరిగాం. ఎవరికీ అప్పటిదాకా తోచలేదు. ఆమె ఇంటి మనిషే. చిన్నపిల్ల కాబట్టి తాత పేరు పలికినా తప్పు లేదు. బుచ్చయ్య సాసరు కింద పెట్టి, “ఇగ తప్పించుకో ఎల్లన్నా!” అన్నాడు. మామ చాలాసేపు మనవరాలిని చూశాడు. “మర్చిపోవు కదా?” అని అడిగాడు. “మర్చిపోను,” అంది శిరీష. ఆయన అప్పటికప్పుడు నిచ్చెన వేయించి మూట దింపించాడు.

ఆటకు ముందు ఒక సెలవు రోజున పిల్లను నాతో కంపెనీకి తీసుకుపోయాను. ఇంట్లో మామ పాత పాటలు మననం చేసుకుంటున్నాడు, పిల్ల ఉంటే సాగేలా లేదు. పరీక్ష గదిలో ఆమె ప్రతి చుట్టా ఏమిటని అడిగింది. ఒక కొత్త మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవాలంటే, ఒకే సంచిలోని గింజలు తీసుకుని, కొన్నింటికి మందు పెట్టి కొన్నింటికి పెట్టకుండా ఉంచి చూడాలని చెప్పాను. “పెట్టనివి గూడ మొలిస్తే?” అని అడిగింది. “అయితే మొలిపించింది మందు కాదన్నట్టు,” అన్నాను. ఆమె దానికి తల ఊపింది. నేను తొందరలో ఉండి ఆ తల ఊపడాన్ని పట్టించుకోలేదు.

ఆట సంగతి ఇక్కడ రాయను. ఆ రోజుల్లో భాగోతం చూసినవాళ్లకు రాయనవసరం లేదు, చూడనివాళ్లకు రాసినా తెలియదు. చెరువుకట్ట దిగువన పందిరి వేశారు. మామ గొంతు కొంచెం తగ్గింది గానీ అడుగు తగ్గలేదని అందరూ అన్నారు. తెల్లవారాక జరిగింది మాత్రం రాయాలి. అలుగు మీది నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. జనం చాలామంది పోయారు, ఆచారం చూడాలని కొందరు ఆగారు. మామ పీట మీద కూర్చుని ఉన్నాడు, ముఖం మీద అర్దళం ఎండి చిన్న చిన్న పగుళ్లు వచ్చాయి. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆయన ఏమీ తినలేదు. నేను నీళ్లు కాచి చెంబు శిరీష చేతికిచ్చాను. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది. పిలవలేదు.

మొదట మరిచిపోయిందేమో అనుకున్నాను. దగ్గరికి పోయి, “పిలువు సిరీ,” అన్నాను. “పిలువ,” అంది. “ఎందుకు?” “పిలువకుంటె ఏమైతదో చూడాలె.” పరీక్ష గదిలో ఆమె తల ఊపడం గుర్తొచ్చింది. తప్పు నాది కాకపోయినా పద్ధతి నాదే.

ఎండ పందిరి కింది దాకా పాకింది. బుచ్చయ్య హార్మోనియం మూత వేసి లేచి వచ్చాడు. “ఏందమ్మా గిది? ముసలాయన పానం మీదికి వస్తది. జల్దీ పిలువు బిడ్డా, నీకు జిలేబీ కొనిస్త.” శిరీష కదలలేదు. మా ఆయనకు కోపం వచ్చి పిల్లను రెక్క పట్టుకోబోయాడు. మామ పీట మీది నుంచే చెయ్యెత్తి ఆపాడు, అది రాజు చెయ్యి. మా ఆయన ఆగిపోయాడు. అప్పుడు శిరీష ఒక అడుగు ముందుకు వేసి, ఇన్ని నెలలుగా నక్కను అడగాలనుకున్నది అడిగింది.

“రాజా, నువ్వు మా తాతవని నీకు తెలుసా?”

మామ కళ్లు పెద్దవి చేసి, వేషం గొంతుతో, “ఎవ్వరవే బాలికా? ముల్లోకములేలు మా ఎదుట నిలిచి మమ్ము ప్రశ్నింతువా?” అన్నాడు. ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు.

“ఊకె డైలాగులు కొట్టకు. సరిగ్గ జెప్పు,” అంది శిరీష.

జనం పగలబడి నవ్వారు. మామ నవ్వలేదు. ఇంకో డైలాగు కోసం నోరు తెరిచాడు గానీ అది రాలేదు. అప్పుడు తల తిప్పి మా వైపు చూశాడు. నా వైపు కాదు, నా పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు. మా అత్త ఎప్పుడూ అక్కడే నిలబడేది. ఆ చూపు నేను రోజూ సాయంత్రం టీవీలో చూసినదే. కింద నేల లేదని తెలిశాక, పడబోయే ముందు చూసే చూపు.

“తెలుసు బిడ్డా,” అన్నాడు, తన గొంతుతో. “మొదటిసంది తెలుసు. కిరీటం బరువు మెడకు తెలుస్తనే ఉంటది. గజ్జెలు కాలుకు కొరుకుతనే ఉంటయి. తెల్వకుంట ఎట్లుంటది?”

బుచ్చయ్య ముఖం మాడిపోయింది. తరతరాల ఆచారం మీద అలాంటి మాట ఎవరూ అని ఉండరు.

“మరి అవ్వ పిలిచేదాక ఎందుకు కూసునేటోనివి?” అంది శిరీష.

మామ ఆమె వైపు కొంచెం వంగాడు. తరువాత ఆమె ఒక్కదానికే చెబుతున్నట్టు చెప్పాడు గానీ, అక్కడున్న అందరికీ వినిపించింది. “మీ అవ్వ నోట్లె నా పేరు ఇనాలంటె గదొక్కటే మోక బిడ్డా. ఏడాదంత ‘ఇగో, ఇనవడ్తాందా’నే. ఆట అయిన తెల్లారి ఒక్కపారి, పేరు పెట్టి, ఊరంత ఇనంగ పిలిచేది. గందుకే కట్టిన ఇన్నేండ్లు. ఆమెనే పోయినంక ఇగ ఎవలి కోసం దిగాలె?”

బుచ్చయ్య పక్కనున్న దిమ్మె మీద కూలబడి, భుజం మీది తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. “మల్లక్కకు గూడ తెలుసు ఎల్లన్నా,” అన్నాడు చివరికి. “నీళ్లు కాగినంక గూడ గా పందిరి ఎనుక ఊకెనే నిలబడేది. చెంగు సర్దుకునేది, ఎంటికలు దువ్వుకునేది, నిన్ను తొంగి చూసేది. నిన్ను జర సేపు కూసోవెట్టి గప్పుడు వచ్చేది. హార్మోనియం పెట్టె సర్దుకుంట నేను ప్రతిపారి చూసేటోన్ని.”

మామకు ఆ సంగతి తెలియదు. కిరీటం కింద ఆయన కనుబొమలు రెండూ పైకి లేచాయి. వేషం కట్టిన మనిషి ముఖంలో అంత ఆశ్చర్యం నేను ఏ ఆటలోనూ చూడలేదు.

శిరీష చెంబు రెండో చేతిలోకి మార్చుకుంది. ఆమె పరీక్ష పూర్తయింది. పిలవకపోయినా లోపల తాతే ఉన్నాడు. అయినా పిలవాలి. ఆ రెండూ ఎలా కుదురుతాయో ఆమెకు ఆ వయసులో ఎలా తెలిసిందో నేను చెప్పలేను. మెడ నిక్కించి, బడిలో హాజరు పలికినంత గట్టిగా పిలిచింది.

“ఎల్లయ్యా, ఇగ ఇంటికి రా!”

మామ “వస్తున్న” అనలేదు. “ఇంకోపారి పిలువు,” అన్నాడు.

ఆచారంలో రెండోసారి లేదు. శిరీష బుచ్చయ్య వైపు చూసింది, ఆయన తల ఊపాడు. రెండోసారి పిలిచింది. అప్పుడు మామ “వస్తున్న” అని, కిరీటం తానే తీసి పిల్ల చేతికిచ్చి, చెంబు అందుకున్నాడు.

ఆ తరువాత టీవీ ముందు చెంబుతో నిలబడడం ఆగిపోయింది. ఒక సాయంత్రం నక్క లోయ అంచున నిలబడి మా వైపు చూసినప్పుడు, “వానికి తెలుసమ్మా,” అంది శిరీష. “పిలుస్తమేమో అని చూస్తాండు.” పేరు తెలియదు కదా అన్నాను. “అవ్వ పేరుతోని పిలిచేదా రోజూ?” అని, టీవీ వైపు తిరిగి, అచ్చం మా అత్త గొంతుతో, “ఇగో, ఇనవడ్తాందా? ఇగ ఇంటికి రా,” అంది. వసారాలో వల ముందు కూర్చున్న మామ చెయ్యి ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. కాసేపటికి మళ్లీ ముడి వేయడం మొదలుపెట్టాడు. చెరువు నిండిన ఏళ్లలో ఆయన ఇంకా కొన్ని ఆటలు ఆడాడు, ప్రతిసారీ శిరీషే పిలిచింది, ప్రతిసారీ ఆయన రెండుసార్లు పిలిపించుకున్నాడు. ఆయన పోయాక, బుచ్చయ్య కూడా పోయాక ఆ బృందం లేకుండా పోయింది. చెరువుకట్ట కింద ఇప్పుడు కార్లు నిలుపుతారు.

శిరీష కొంపల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. ఆదివారాలు కూతురు ఆద్యను తీసుకుని మా దగ్గరికి వస్తుంది. ఆ పిల్ల ఫోన్లో బొమ్మలు చూస్తుంది. రంగులు చాలా బాగుంటాయి, నక్కలు ఎర్రగానే ఉంటాయి. ఒక ఆట అయిపోయిందో లేదో, ఎవరూ వేలు పెట్టకుండానే రెండోది మొదలవుతుంది. మధ్యలో ఎవరినైనా పిలిచేంత వ్యవధి లేదు. కరెంటు పోదు. పోతే బాగుండునని నాకు రెండు మూడుసార్లు అనిపించింది. మా కాలమే గొప్పదని అనడం లేదు. మామను వేషంలో చూసి భయపడి ఏడ్చిన పిల్లలు ఎంతోమంది, ఈ పిల్ల దేనికీ భయపడదు, అది మంచిదే. కానీ తెర మీద ఎవరైనా ఆగి తన వైపు చూస్తే, ఆద్య చూపు తిప్పకుండా నిలబడుతుందా అన్నది నాకు తెలియాలి.

నిన్న తెలిసింది. కిరీటం బల్ల మీద ఉంది. మా ఆయన దాన్ని తీసి, దులిపి, ఆద్యను నవ్వించాలని తలకు పెట్టుకుని వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. అద్దం ముక్క ఒకటి రాలి ఒళ్లో పడింది. పిల్ల ఫోను పక్కన పెట్టింది. దగ్గరికి పోయి ముఖంలోకి తొంగి చూసి, “తాతా, నువ్వు రాజువా?” అంది. ఆయన జవాబు చెప్పలేదు. మళ్లీ అడిగింది. ఆయన మీసం తిప్పాడు. పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చి, “అమ్మమ్మా, తాత మాట్లాడుతలేడు,” అంది. శిరీష వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె నన్ను చూసింది గానీ గుమ్మం దాటి రాలేదు. ఆమె చిన్నప్పటి నుంచీ అంతే, పరీక్ష మధ్యలో చెయ్యి పెట్టదు.

మా ఆయన తల తిప్పి నా వైపు చూశాడు.

ఇంతకాలం నేను ఈయన్ని ‘ఇగో’ అన్నాను, ‘సిరి వాళ్ల నాయినా’ అన్నాను, డైరీల్లో ‘ఆయన’ అన్నాను. ఈ పేజీల్లోనూ ఇప్పటిదాకా అదే రాశాను. లోపలికి పోయి స్టవ్ వెలిగించి చెంబుడు నీళ్లు పెట్టాను. నీళ్లు కాగాయి. అయినా కాసేపు అక్కడే నిలబడి, చెంగు సర్దుకుని, జుట్టు చేత్తో అణచుకుని, కిటికీలోంచి ఒకసారి తొంగి చూశాను. కదలకుండా కూర్చునే ఉన్నాడు. గుడ్డ భుజాన వేసుకుని, చెంబు పట్టుకుని వసారాలోకి పోయాను. పక్కింటి వాళ్లు గోడ మీది నుంచి చూస్తున్నారు. చూడనీ అనుకుని ఎదురుగా నిలబడ్డాను.

“యాదగిరీ, ఇగ ఇంటికి రా.”